సుద్ద తడిసినంత మేర

పోయిన వారం ఒక బడిలో నల్లబల్లను తడిగుడ్డతో తుడుస్తుంటే సుద్ద వాసన తగిలింది. పొడి సుద్దకు వాసన ఉండదు, ఉన్నా అది దుమ్ము వాసనే. తడిసిన సుద్దకు మాత్రం ఒక చల్లని వాసన ఉంటుంది. తొలివానకు సున్నం గోడ తడిసినప్పుడు వచ్చే వాసనకు అది దగ్గరి చుట్టం. నా ఎదురుగా బెంచీల మీద నలభై మంది దాకా కూర్చుని ఉన్నారు. ఇంటింటికీ తిరిగి ఎన్ని ఇళ్ళు, ఎంతమంది మనుషులు అని రాసుకు రాబోయేవాళ్ళు. ఫారం ఎలా నింపాలో వాళ్ళకు నేర్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఎవరో "మేడం" అని పిలిచినట్టు గుర్తు. ఆ క్షణంలో నేను ఆ బడిలో లేను. అశోక్‌నగర్‌లో ఒక సందు చివర, పాత మేడ వెనకాల, బావి ఒర మీదికి వంగి తడిసిన టేపును పైకి లాగుతున్నాను. పక్కన సీతారత్నం గారు చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ "ఎంతమ్మా?" అని అడుగుతున్నారు.

ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి. ఎడమ మోకాలు నొప్పి వల్ల కాస్త పక్కకు ఒరిగి నడిచేవారు. వాళ్ళ నాన్నగారు ఉద్యోగం మీద కోస్తా నుంచి హైదరాబాదు వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారట. ఈవిడ భూమిలోపలి నీళ్ళను కొలిచే ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "బావులు చూడటానికి వెళ్ళాను, పెళ్ళిచూపులకు టైము దొరకలేదు" అని నవ్వేసేవారు. రిటైరయ్యాక తన మేడలోనే పై వాటా ఆడపిల్లల హాస్టలుగా మార్చారు. సర్కారు పరీక్షలకు చదువుకోవడానికి ఊళ్ళ నుంచి వచ్చే నాబోటివాళ్ళం అందులో ఉండేవాళ్ళం. చుట్టుపక్కల హాస్టళ్ళల్లో ఒకదాని మీద ఒకటి మంచాలు పేర్చి, ఒక్కో గదిలో ఎనిమిదేసి మందిని కుక్కుతుంటే, ఆవిడ మాత్రం పన్నెండు మందికి మించి తీసుకునేవారు కాదు. గదులు చాలక కాదు. పెరట్లో ఉన్న బావి పన్నెండు మంది అమ్మాయిలకూ ఆవిడకూ కలిపి పదమూడు మందికే నీళ్ళిస్తుందని ఆవిడ లెక్క.

నేను వెళ్ళింది శివరాత్రి దాటిన వారంలో. నాయన ఒక చేత్తో నా బ్యాగూ, ఇంకో చేత్తో సజ్జల మూటా పట్టుకుని ముందు నడుస్తున్నాడు. అప్పటికే అయిదారు హాస్టళ్ళు తిరిగాం. కిరాయి కుదిరిన చోట జాగా లేదు, జాగా ఉన్న చోట కిరాయి కుదరలేదు. సీతారత్నం గారు గుమ్మంలోనే నిలబడి, "పన్నెండు మందీ నిండిపోయారండీ. మీకు లేదని చెప్పడం నాకూ బాధే" అన్నారు. నాయన మెట్టు మీద కూలబడ్డాడు. "అమ్మా, జర జాగ ఇయ్యుండ్రి. ఏ మూలకన్న పండుకుంటది. ఇది ఇంట్ల అయిదోది. చిన్నప్పటిసంది సర్దుకునుడు అలవాటే" అన్నాడు. అది నిజమే. మేం అయిదుగురం ఆడపిల్లలం. చుట్టాలొస్తే అందరికీ పళ్ళేలు పెట్టి, నా దగ్గరికి వచ్చేసరికి ఒకటి తక్కువయ్యేది. ఎవరూ కావాలని చేసేవాళ్ళు కాదు. నలుగురి దాకా బాగానే సరిపోయేది, నా దగ్గరే లెక్క తప్పేది. అందుకే ఎక్కడికెళ్ళినా ముందు నేను ఎక్కువైన మనిషినేమో అని చూసుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఎండన పడి వచ్చామని ఆవిడ ఒక చెంబు, రెండు గ్లాసులు తెచ్చారు. మా ఊళ్ళో నీళ్ళకు కరువు. కావలసినంతే పోయించుకోవడం చిన్నప్పుడే నేర్పుతారు. "సగం చాలు ఆంటీ" అన్నాను. ఆవిడ చెంబు వంచబోయి ఆగి నా ముఖం చూశారు. తరువాత పెరట్లోకి వెళ్ళిపోయారు. చాలాసేపు రాలేదు. గిలక దగ్గర ఏదో లోహం రాసుకున్న చప్పుడు, గోడ మీద పావురాల కువకువ, పక్కింట్లో ఎవరో పెద్దగా చదువుకుంటున్న గొంతు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో అట్ట చిరిగిన ఒక పొడుగాటి పుస్తకం ఉంది. అరుగు మీద కూర్చుని అందులో ఏదో రాశారు, కొట్టేశారు, మళ్ళీ రాశారు. "సామాను లోపల పెట్టుకో. కానీ ముందే చెబుతున్నాను. వేసవిలో నీళ్ళు నలభై అడుగుల కిందికి పోతే ఆఖర చేరినవాళ్ళు వానలు పడేదాకా వేరే చోటు చూసుకోవాలి. నిరుడు ఒకమ్మాయిని అలాగే పంపాను. దాని ఏడుపు ఇంకా నా చెవిలో ఉంది" అన్నారు. నాయన రెండు చేతులూ జోడించాడు. నాకు వినబడింది నలభై అన్న ఒక్క మాటే.

రోజూ తెల్లవారాక, మోటారు వేయకముందు, ఆవిడ బావి కొలిచేవారు. ఉక్కు టేపు చివర పది అడుగుల మేర తెల్ల సుద్ద రుద్దేవారు. బావి ఒర మీద ఒక గీత ఉండేది. అక్కడ పట్టుకుని టేపును మెల్లగా లోపలికి వదలాలి. పైకి లాగితే సుద్ద ఎంత మేర తడిసిందో అంత నల్లబడి ఉంటుంది. లోపలికి వదిలిన మొత్తం టేపులోంచి అది తీసేస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. అంకె పెరుగుతోందంటే నీళ్ళు దిగిపోతున్నాయన్నమాట. మోకాలు సహకరించక ఆవిడ ఆ పని నాకు అప్పజెప్పారు. "కళ్ళు బాగున్నాయి, చెయ్యి వణకదు, పైగా పొద్దున్నే లేస్తావు. మిగతా వాళ్ళు లేచేసరికి నీళ్ళు కూడా నిద్రలేచి వెళ్ళిపోతాయి" అనేవారు. మా రూమ్మేటు కవిత, నల్లగొండ వైపు పిల్ల, దుప్పటిలోంచే "ఆంటీ, నన్ను ఎందుకు యాద్ చేస్తున్నరు" అని మూలిగేది.

ఆ పొద్దులు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. సందులో పాలవాడి బండి, నారాయణగూడ వైపు వెళ్ళే మొదటి బస్సు హారను, వేపచెట్టు నీడ, వాటన్నిటి మధ్య ఆ బావి చుట్టూ మాత్రం వేరే నిశ్శబ్దం. లోపల ముక్క ఆకాశం కనబడేది. నేను వంగితే నా తల ఆ ఆకాశానికి అడ్డం వచ్చేది. టేపు నీటిని తాకగానే ఆకాశం చెదిరి, కాసేపటికి మళ్ళీ కుదురుకునేది. సీతారత్నం గారు పక్కన పీట మీద కూర్చుని మాట్లాడేవారు. ఈ ఊరంతా రాతి మీద కూర్చుని ఉందనీ, ఆ రాతిలో సన్నటి పగుళ్ళు ఉంటాయనీ, వాననీళ్ళు ఆ పగుళ్ళ వెంట ఏళ్ళ తరబడి దారి వెతుక్కుంటూ దిగుతాయనీ చెప్పేవారు. "ఇప్పుడు నువ్వు ముఖం కడుక్కున్నావే, ఆ నీళ్ళు నువ్వు పుట్టకముందు వానవి అయినా అయ్యుండొచ్చు" అన్నారొకసారి. ఆ రోజంతా లైబ్రరీలో నాకు చదువు సాగలేదు. కాళ్ళ కింద, చిక్కడపల్లి రోడ్ల కింద, దుకాణాల కింద, చీకట్లో తొందరలేకుండా నడుస్తున్న నీళ్ళే కనబడ్డాయి. ఫ్యాను కింద కునుకు పట్టి, లేచేసరికి పుస్తకం మీద నా బుగ్గ అచ్చు పడి ఉంది.

మా పరీక్షకు వ్యాసాలు రాయాలి. కోచింగులో సిద్ధం చేసిచ్చిన వ్యాసాలను మేం నోటికి పట్టేవాళ్ళం. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని జనాభా పెరుగుదల గురించి గట్టిగా చదువుతున్నాను. అందులో 'అదుపు లేకుండా పెరుగుతున్న జనాభా వలన భూమి మీది వనరులు హరించుకుపోతున్నాయి' అనే వాక్యం పేజీకి రెండుసార్లు వచ్చేది. సీతారత్నం గారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నారు. "బాగుంది. ఎవరమ్మా ఆ జనాభా?" అన్నారు.

"అంటే... చదువులేనోళ్ళు ఆంటీ. ఊర్లల్ల ఎక్కువ పిల్లల్ని కంటరు గదా."

"మీ నాన్న ఎంత చదివారు?"

నేను మళ్ళీ కాగితం వైపు చూశాను. నా చేతిలోని కాగితం మా నాయనను తిడుతోందనీ, అయిదో పిల్లనైన నన్నే భూమికి బరువంటోందనీ, నేనే దాన్ని గొంతెత్తి వల్లె వేస్తున్నాననీ అప్పుడు తెలిసింది. సిగ్గేసి కాగితం మడిచేశాను. ఆవిడ నన్ను మేడ మీదికి తీసుకెళ్ళారు. వెనక వీధిలో కొత్త ఇల్లు కనబడుతోంది. డ్రైవరు పైపుతో కారు కడుగుతున్నాడు. నీళ్ళు గేటు దాటి రోడ్డు దాకా పారుతున్నాయి. "ఆ ఇంట్లో ముగ్గురు. వాళ్ళ బోరు మన బావికి ఎన్నో రెట్లు లోతు. మన ఇంట్లో ఇంతమంది. బావికి తలకాయలు కనబడవమ్మా, తోడిన నీళ్ళే తెలుస్తాయి" అన్నారు. తన మాట తనకే పూర్తిగా నచ్చనట్టు, "మనుషులు పెరిగితే ఇబ్బంది లేదని అనను. ప్రతి మనిషికీ దాహం ఉంటుంది. పన్నెండు మందికి మించి నేనే తీసుకోను. కానీ ఎక్కువయ్యారు అనేవాళ్ళు ఎప్పుడూ పక్కవాళ్ళ వైపే వేలు చూపిస్తారు. తమని కలుపుకుని లెక్కపెట్టినవాళ్ళను నేను చూడలేదు. ఆ వ్యాసంలో నువ్వు కూడా ఉన్నట్టు రాయి. అప్పుడు దాని రంగు మారుతుంది" అన్నారు. ఆ రాత్రి కోచింగు కాగితం పక్కన పెట్టేసి మా ఊరి చేదబావి దగ్గర మొదలుపెట్టి రాశాను. పేజీ నిండలేదు. కానీ మొదటిసారి అది నా చేతిరాతలా అనిపించింది.

ఇంత విని కూడా నేనేం చేశానో చెప్పాలి. ఏప్రిల్ వచ్చింది. మామిడికాయల బండ్లు రాకముందే ఎండలు వచ్చాయి. బావి రోజుకింత చొప్పున దిగడం మొదలుపెట్టింది. ముప్పై ఆరు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదిన్నర. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, అవీ తాగడానికీ వంటకే. పరీక్ష జూన్‌లో. నాయన ఇచ్చిన గడువు ఆ ఒక్క పరీక్షే. మధ్యలో ఊరికి వెళితే మళ్ళీ తిరిగి రానని నాకు తెలుసు. పత్తి చేనో, మిర్చి కల్లమో నన్ను మింగేస్తుంది. ఒక పొద్దున టేపు లాగితే ముప్పై తొమ్మిదిన్నర దాటింది. సీతారత్నం గారు పుస్తకం తెరిచి "ఎంతమ్మా?" అన్నారు. "ముప్పై ఎనిమిదిన్నరనే ఆంటీ, నిన్నటి లెక్కనే ఉంది" అన్నాను. అంటూనే అరచేత్తో తడి సుద్దను తుడిచేశాను. నా చేతికి అంటిన తెల్లటి బురదను పెరటి గోడకు రాశాను. ఆవిడ ఒక్క క్షణం నా చేతిని చూసి, చెప్పినట్టే రాసుకున్నారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నలభై దాటిన రోజున "ముప్పై తొమ్మిది" అన్నాను. అబద్ధం చెప్పడం కంటే, దాన్ని ఆవిడ నమ్మినట్టు రాసుకోవడం నన్ను ఎక్కువ బాధపెట్టేది. కలలో బావి నిండిపోయి, నీళ్ళు మెట్లెక్కి, గదిలోకి వచ్చి మా పుస్తకాలను తేలుస్తూ ఉండేవి. నిద్ర లేచి వెళ్ళి చూస్తే అడుగున చిన్న పళ్ళెమంత ఆకాశం. పైన పన్నెండు మందీ రెండేసి బకెట్లు పోసుకుంటూనే ఉన్నారు. పోసుకోరూ మరి? పుస్తకంలో నీళ్ళు ఉన్నాయి కదా. ఆవిడ మాత్రం ఆ రోజుల్లో పొద్దున కొలత కాగానే గుడ్డసంచీ భుజాన వేసుకుని, షేర్ ఆటో ఎక్కి నారాయణగూడలో ఉన్న వాళ్ళక్కగారింటికి వెళ్ళి, పదింటికి తిరిగొచ్చేవారు. నేను చేరిన వారం నుంచీ అదే వరస. "ఆంటీకి అక్కంటే పాణం. మోకాలు నొప్పున్నా ఒక్క రోజు తప్పది" అని కవిత వేళాకోళం చేసేది. నేనూ నవ్వేదాన్ని.

మే నెల నడుమ ఒక పొద్దున మోటారు వేసిన కాసేపటికి కుళాయిలు దగ్గినట్టు చప్పుడు చేసి ఎర్రటి బురద కక్కాయి. తరువాత పెరట్లోంచి కాలిన వాసన. మోటారు పోయింది. కవిత తల నిండా షాంపూ నురగతో మెట్లు దిగి వచ్చింది. అందరం బావి చుట్టూ చేరాం. అడుగున నీళ్ళు లేవు, తడి మాత్రం ఉంది. అరుగు మీదున్న పుస్తకాన్ని కవిత తెరిచి చూసి, "నిన్న ముప్పై తొమ్మిది అంటివి గదనే. మరి గీ బురద ఏడికెంచి వచ్చింది?" అంది. ఆమె తిట్టలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. అది ఇంకా కష్టంగా ఉంది. "నేనే అబద్ధం చెప్పిన. నలభై రెండైంది. నన్ను పంపిస్తరని భయమైంది" అన్నాను. కవిత నురగ కళ్ళల్లోకి జారుతుంటే తుడుచుకుంటూ నిలబడింది.

సీతారత్నం గారు అప్పుడే సంచీతో బయలుదేరబోతున్నారు. సంచీ కింద పెట్టి నన్ను పక్కకు తీసుకెళ్ళారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నాకు మొదటి రోజే తెలుసు" అన్నారు. "ఎవరికీ చూపించకముందే సుద్ద తుడిచేవాళ్ళను ఉద్యోగంలో ఎంతమందిని చూశానో."

"మరి ఎందుకు అడగలే ఆంటీ?"

"నువ్వే చెబుతావని. రోజూ పొద్దున ఇవాళ చెబుతుంది అనుకునేదాన్ని. అది నా తప్పు. మోటారు కాలేదాకా ఆగకుండా ఉండాల్సింది."

నాకు ఏడుపొచ్చింది. "నేను ఎక్కువైన గదా ఆంటీ. పొమ్మంటరని..."

"పొమ్మనడం ఒక్కటేనా దారి? నిజం చెప్పి ఉంటే ఆ రోజే అందరినీ కూర్చోబెట్టి తలా ఒక బకెట్‌తో సరిపెట్టుకోమనేదాన్ని. వినేవాళ్ళు. ఇంకో నెల గడిచేది" అన్నారు. మళ్ళీ తనే, "అసలు నేను అలాంటి రూలు పెట్టకపోతే నీకు ఆ భయం ఉండేది కాదు. బావిని కాపాడుకుందామని పెట్టాను. మనిషిని భయపెట్టింది. ఇవాళ్టితో తీసేస్తున్నాను" అన్నారు. అంత పెద్దావిడ తన తప్పును అలా తీసి పక్కన పెట్టడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళకు తప్పులు ఉండేవి కావు.

మోటారు బాగుచేయించేదాకా వారం రోజులు పక్క వీధి నుంచి బిందెలతో మోశాం. తరువాత మనిషికి ఒక బకెట్, అదీ అందరూ ఒప్పుకున్నదే. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూముకు. నా పని మాత్రం పోలేదు. టేపు లాగాక తడి సుద్దను అందరికీ చూపించి, అంకెను గట్టిగా పైకి చదవాలి. పన్నెండు మందీ మెట్ల మీద నిలబడి వినేవాళ్ళు. కవిత కూడా తెల్లవారగానే లేచి వచ్చేది. "ఇది మళ్ళ ఏం చదువుతదో" అని నన్ను ఏడిపించేది. అలా ఏడిపించడంతోనే ఆమె నన్ను క్షమించిందని తెలిసింది. పరీక్ష రాశాను. తొలివానలు పడ్డాయి. ఒక పొద్దున టేపు ముప్పై ఏడు చూపించింది. అందరం అరిచిన అరుపుకు పక్క హాస్టలు కిటికీలు తెరుచుకున్నాయి. ఆగస్టులో నేను గది ఖాళీ చేశాను. ఆ ఏడాది ఉద్యోగం రాలేదు. మరుసటి ఏడాది వచ్చింది. మధ్యలో ఊరికి వెళ్ళినా, మళ్ళీ తిరిగి రాగలిగాను. నాయనే బస్సెక్కించాడు.

ఆ తరువాత ఉద్యోగం, బదిలీలు, పండగలకు ఒక ఫోను. వెళ్ళి చూడాలి అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. ఆవిడ పోయారని కవిత ఫోన్ చేసి చెప్పింది. నేను వెళ్ళేసరికి కార్యక్రమాలు అయిపోయాయి. అశోక్‌నగర్ మేడకు తాళం ఉంది. నారాయణగూడలో ఫ్లైఓవరు దాటాక ఒక పాత వాటాలో వాళ్ళక్కగారు ఉంటున్నారని తెలుసుకుని వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. నా పేరు చెప్పగానే, "పుస్తకం నీకివ్వమంది" అని లోపలి నుంచి ఆ అట్ట చిరిగిన పుస్తకమూ, టేపూ తెచ్చి ఒళ్ళో పెట్టారు. తరువాత కాఫీ ఇస్తూ మామూలుగా అన్నారు. "నువ్వున్నన్నాళ్ళూ అది స్నానానికి ఇక్కడికే వచ్చేది. బట్టలూ ఇక్కడే ఉతుక్కునేది. ఆ మోకాలితో ఎందుకే అంటే, మా బావి లెక్క నిండిపోయిందక్కా, ఒకమ్మాయి వచ్చింది, సగం గ్లాసు చాలంది, వదల్లేకపోయాను అనేది."

కాఫీ చల్లారిపోయింది. నేను పుస్తకం తెరిచాను. ఆ వేసవి పేజీల్లో నేను చెప్పిన అంకెలు సిరాతో ఉన్నాయి. ప్రతి దాని పక్కనా పెన్సిలుతో చిన్నగా అసలు అంకె ఉంది. మేమంతా లైబ్రరీకి వెళ్ళాక, ఆ మోకాలితో ఒర మీదికి వంగి, ఆవిడ మళ్ళీ కొలుచుకున్నారన్నమాట. వెనక్కి తిప్పి, శివరాత్రి తరువాతి వారం చూశాను. 'మనుషులు' అన్న గడిలో మొదట పద్నాలుగు అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన పదమూడు అని ఉంది. నేను వెళ్ళిపోయిన నెలలోనూ పదమూడే. తెలియనివాళ్ళు చూస్తే ఆ ఇంట్లోకి ఎవరూ కొత్తగా రాలేదు, ఎవరూ వెళ్ళలేదు. నన్ను కలుపుకుని, తనను తీసేసుకున్నారు. ఆరు నెలలు ఆ గుడ్డసంచీని రోజూ చూశాను. నవ్వాను కూడా. లోపల ఏముందని ఒక్కసారి అడగలేదు. నీళ్ళను అంత జాగ్రత్తగా కొలవడం నేర్చుకున్నదాన్ని, పక్కనున్న మనిషిని కొలుచుకోలేకపోయాను. ఆ ముసలావిడ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమురుతూ, "దానికి నువ్వంటే ఇష్టం. అబద్ధాలకోరు అని ముద్దుగా అనేది" అన్నారు.

ఎంత మంది ఉంటే ఈ భూమికి సరిపోతుందో నాకు ఇప్పటికీ తెలియదు. నా బల్ల మీదికి ఊళ్ళ లెక్కలు వస్తుంటాయి, పోతుంటాయి. సమావేశాల్లో ఎవరైనా జనం ఎక్కువైపోయారండీ అంటే, ఆ మాట అన్నవాళ్ళ చేతులే చూస్తాను. తడి సుద్ద ఏమైనా అంటి ఉందేమో అని. ఇంట్లో ఒక బకెట్‌తోనే స్నానం. ఎవరు నీళ్ళిచ్చినా నోటికి ముందు వచ్చే మాట సగం చాలు అనే. టేపు నా బీరువాలో ఉంది, తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనె రాస్తాను.

ఆ రోజు బడిలో ఎవరో మళ్ళీ "మేడం" అన్నారు. తడిగుడ్డ బల్ల మీద పెట్టి, సుద్దముక్క తీసుకుని, ఎప్పటిలాగే బోర్డు మీద నమూనాకు ఒక ఇల్లు గీశాను. వెనక ఒక బావి కూడా గీశాను, ఫారంలో దానికి గడి లేకపోయినా. ముందు బెంచీలో ఒకమ్మాయి పెన్ను పట్టుకుని, "ఈ ఇంట్ల ఎంతమంది అని రాయాలె మేడం?" అని అడిగింది. పద్నాలుగు అని రాశాను.